మచ్చపడ్డ పండ్లు, కరెంటు కొట్టినట్టు నొప్పి: నల్లగొండ జిల్లా నుంచి ఒక ట్రైజెమినల్ న్యూరాల్జియా కేసు

నేను ఓరల్ మెడిసిన్‌లో శిక్షణ పొంది, నల్లగొండ పట్టణంలో దంతవైద్యం చేస్తున్నాను. కుడి దవడ నొప్పితో రెండేళ్లకు పైగా బాధపడి, నా దగ్గరికి వచ్చేనాటికే నాలుగు పండ్లు పోగొట్టుకున్న ఒక 54 ఏళ్ల మహిళ కేసును ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆమె అనుమతి తీసుకున్నాను, గుర్తుపట్టే వివరాలు వదిలేశాను. ఆమెది ట్రైజెమినల్ న్యూరాల్జియా, అంటే ముఖం మీది స్పర్శనూ నొప్పినీ మోసే నరంలోనే పుట్టే నొప్పి. ఈ వ్యాధి గురించి పాఠ్యపుస్తకాల్లో కావలసినంత ఉంది. అయితే ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన మా ప్రాంతపు మనిషి నోరు తెరిచిన క్షణంలోనే వైద్యుడి కన్ను పంటి మచ్చ మీద పడుతుంది. అప్పటి నుంచి రోగి మాట అతని చెవికి సగమే ఎక్కుతుంది. ఈ కేసులో ఆమె నాలుగు పండ్లూ అలాగే పోయాయి. తర్వాత మందుల విషయంలో నేను చేసిన పొరపాటూ ఆ కోవకే చెందుతుంది కాబట్టి, దాన్ని కూడా దాచకుండా రాస్తున్నాను.

ఆమె చెప్పినది

మర్రిగూడ మండలంలోని ఒక పల్లె నుంచి కొడుకుతో కలిసి బస్సులో వచ్చింది. డిసెంబరు ఉదయం, చలిగాలి బాగా ఉంది. చీర కొంగును కుడి చెంప మీదుగా చుట్టి, చేత్తో తాకకుండా, గాలి మాత్రం సోకకుండా పట్టుకుని కూర్చుంది. పంటినొప్పి ఉన్నవాళ్లు చెంపను అరచేత్తో అదిమిపట్టుకుని వస్తారు. ఈమె చెయ్యి చెంపకు నాలుగు వేళ్ల దూరంలో ఆగిపోయి ఉంది. నాకు మొదటి అనుమానం ఆ చెయ్యిని చూసినప్పుడే కలిగింది.

మాట్లాడటం కూడా కష్టంగా ఉండటంతో పెదవులు సరిగా కదపకుండా, ఆగి ఆగి చెప్పింది. "కరెంటు తీగ తగిలినట్టు జిల్లుమంటది సారూ. రెప్పపాటుల పోతది, మల్లొస్తది. మొఖం కడగాల్నంటే భయమైతది. పండ్లు పీకిచ్చుకుంటె పోతదన్నరు, పీకిచ్చుకున్న. పోలె." ఈ నాలుగు మాటల్లో రోగనిర్ధారణకు కావలసినదంతా ఉంది: నొప్పి స్వభావం, అది ఉండే వ్యవధి, దాన్ని రేపే కారణం, పంటితో సంబంధం లేకపోవడం. మిగతా అరగంట నేను అడిగిన ప్రశ్నలన్నీ వీటికి కొలతలు చేర్చడానికే పనికివచ్చాయి.

నొప్పి కుడి కింది పెదవి మూల దగ్గర మొదలై, దవడ వెంట చెవి ముందుభాగం వరకు దూసుకుపోతుంది. కొన్ని నెలల తర్వాత ముక్కు పక్క నుంచి పై చెంపకు కూడా రావడం మొదలైంది. ఒక్కోటి రెండు మూడు సెకన్లు మాత్రమే ఉంటుంది, కాని ఒకదాని వెంట ఒకటి వరుసగా వచ్చి నిమిషం దాకా సాగుతాయి. నమలడం, యాప పుల్లతో పండ్లు తోముకోవడం, ముఖం మీద నీళ్లు చల్లుకోవడం, బస్సు కిటికీలోంచి వచ్చే గాలి, ఆఖరికి ముక్కుపుల్ల కదలడం కూడా దాన్ని రేపుతాయి. ముక్కుపుల్ల తీసేసి ఏడాదైందని చెప్పింది. రాత్రి నిద్రపట్టాక నొప్పి రాదు. రెండు పోట్ల మధ్య ఏమీ ఉండదు, కాని మళ్లీ ఎప్పుడొస్తుందోనన్న భయం మాత్రం ఎప్పుడూ ఉంటుంది. గట్క, సల్ల తప్ప ఏమీ తినలేక రెండేళ్లలో 53 కిలోల నుంచి 41 కిలోలకు తగ్గింది. పత్తి ఏరే పనికి పోవడం మానేసింది. ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు గుంపులో నిలబడి పాటకు నోరు తెరవలేక ఇంటికి తిరిగొచ్చానని చెప్పినప్పుడు మాత్రం కళ్లనీళ్లు పెట్టుకుంది.

దీర్ఘకాలపు ముఖనొప్పి ఉన్నవారిని బతుకు మీద విరక్తి కలిగిందా అని సూటిగా అడగాలి. కొడుకును కాసేపు బయట కూర్చోమని అడిగాను. "బాయి దిక్కు పోయి మల్లొచ్చిన సారూ" అన్నది. ఆ రోజే కొడుకుతో మాట్లాడి, ఇంట్లో ఉన్న పురుగుల మందు డబ్బాలను తీసేయించాను. ఆమెను ఒంటరిగా వదలవద్దని చెప్పి, మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీ మానస్ ఫోన్ నంబరు 14416 రాసి ఇచ్చాను. జిల్లా కేంద్రంలో ఉన్న మానసిక వైద్యుడి దగ్గరికి కూడా పంపాను. నొప్పి తగ్గితే దిగులూ తగ్గుతుందిలే అని ఊరుకోవడం సరికాదు. నొప్పి తగ్గడానికి వారాలు పట్టవచ్చు, ఆ వారాలు ఆమె బతికి ఉండాలి.

నాలుగు పండ్లు ఎలా పోయాయి

మొదటి పోటు వచ్చిన పది రోజులకు ఆమె ఒక దంతవైద్యశాలకు వెళ్లింది. కుడి కింది మొదటి దవడపన్ను పసుపు, గోధుమ రంగు మచ్చలతో, అక్కడక్కడ గుంటలతో ఉండటం చూసి, ఎక్స్‌రేలో పెద్ద పుచ్చు కనిపించకపోయినా దానికి రూట్ కెనాల్ చేశారు. ఆ తర్వాత ఐదు వారాలు నొప్పి రాలేదు. మళ్లీ వచ్చినప్పుడు రూట్ కెనాల్ సరిగా కుదరలేదని ఆ పన్ను తీసేశారు. ఈసారి రెండు నెలలు హాయిగా గడిచాయి. తర్వాత మరోచోట దాని వెనక పన్ను, ఆపైన పై దవడలో రెండు పండ్లు పోయాయి.

ఇందులో చికిత్స చేసినవారి నిర్లక్ష్యం కన్నా వ్యాధి స్వభావమే ఎక్కువగా మోసం చేసింది. ట్రైజెమినల్ న్యూరాల్జియా, ముఖ్యంగా తొలి సంవత్సరాల్లో, వారాల తరబడి, నెలల తరబడి తనంతట తానే అణిగి ఉంటుంది. ఆ విరామం పన్ను తీసిన తర్వాత వస్తే, పన్ను తీయడం వల్లే తగ్గిందని వైద్యుడూ నమ్ముతాడు, రోగీ నమ్ముతుంది. మత్తుసూది రెండో మోసం చేస్తుంది. దవడ నరానికి సూది వేయగానే పోట్లు ఆగిపోతే, నొప్పి పంటిదేనని రుజువైనట్టు అనిపిస్తుంది. నిజానికి పోటును రేపే చోటు మొద్దుబారితే ఈ వ్యాధిలోనూ ఆ కొన్ని గంటలు నొప్పి రాదు. సూది ఆ ప్రాంతపు నరం గుండా నొప్పి నడుస్తున్నదని మాత్రమే చెబుతుంది, అందులో పన్ను పాత్ర ఉన్నదో లేదో చెప్పదు.

మూడో కారణం మా నేలది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి ప్రాంతాల భూగర్భజలాల్లో ఫ్లోరైడ్ ఎంత ఉందో దేశమంతటికీ తెలుసు. పటిక, సున్నం కలిపి నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ దాటినప్పుడు, ఎనిమిదేళ్ల లోపు పిల్లల్లో, ఇంకా దవడలోపల తయారవుతున్న శాశ్వత దంతాల ఎనామిల్ సరిగా గట్టిపడదు. పెద్దయ్యాక నీళ్లు మారినా ఆ మచ్చలు పోవు. ఇప్పుడు మిషన్ భగీరథ నీళ్లు తాగుతున్న తల్లిదండ్రుల తరానికి ఈ మచ్చలు మిగిలిపోయాయి. కాని మచ్చ అంటే పుచ్చు కాదు, మచ్చ నొప్పి పెట్టదు. ఎనామిల్ పెచ్చులూడి లోపలి పొర బయటపడితే చల్లని నీళ్లకు జివ్వుమనవచ్చు, అది కూడా కొన్ని క్షణాల్లో సర్దుకుంటుంది. మచ్చపడ్డ పంటిని చూసి నొప్పికి కారణం దొరికిందనుకోవడం మొదలుపెడితే, మా ప్రాంతంలో ప్రతి నోటిలోనూ ఇరవై ఎనిమిది కారణాలు దొరుకుతాయి.

పరీక్షలో తేలినవి

కుడి ముక్కు పక్కన మడత మీద దూదిపోచతో అలా తాకగానే పోటు వచ్చింది. ముఖం కుడివైపు ఒక్కసారి ముడుచుకుపోయి, ఆమె ఊపిరి బిగబట్టి కదలకుండా ఉండిపోయింది. పోటు తగ్గిన వెంటనే అదే చోట మళ్లీ తాకినా ఏమీ కాలేదు, కొంతసేపయ్యాక తాకితే మళ్లీ వచ్చింది. పోటు తర్వాత వచ్చే ఈ కొద్దిపాటి విరామం న్యూరాల్జియాలో తరచుగా కనిపిస్తుంది, పంటినొప్పిలో ఉండదు. మిగిలిన పండ్లను తట్టి చూసినా, చల్లదనంతో పరీక్షించినా తేడా లేదు. కొరికించి, వదిలించి చూశాను. పగిలిన పన్ను ఉంటే కొరికి వదిలే క్షణంలో కలుక్కుమంటుంది, ఇక్కడ అలా జరగలేదు. దవడ కీలు, నమిలే కండరాలు మామూలుగానే ఉన్నాయి. రెండు దవడలనూ ఒకే చిత్రంలో చూపే ఓపీజీ ఎక్స్‌రేలో గాని, సైనస్‌లలో గాని చెప్పుకోదగినదేమీ లేదు.

అంతకన్నా ముఖ్యంగా చూడవలసినది స్పర్శ. దూది, సూదిమొనలతో నుదురు, చెంప, గడ్డం మూడు చోట్లా రెండు వైపులా పోల్చి చూశాను. తేడా లేదు. కంటి ముందుపొర (కార్నియా) మీది స్పర్శకు రెప్ప మామూలుగానే మూతపడుతున్నది, వినికిడి రెండు చెవుల్లోనూ సమానంగా ఉంది. ముఖంలో తిమ్మిరి ఉన్నా, వినికిడి తగ్గినా, రెండు వైపులా నొప్పి వస్తున్నా, నొప్పి కంటి ప్రాంతానికే పరిమితమైనా, రోగి వయసు నలభై లోపు ఉన్నా, ముఖపు స్పర్శను మోసే నరాన్ని నొక్కుతున్న గడ్డ గాని, మెదడులో నరాల పైపొర దెబ్బతినే మల్టిపుల్ స్క్లెరోసిస్ గాని ఉందేమోనని గట్టిగా అనుమానించాలి. పోటుతో పాటు కన్ను ఎర్రబడి నీరు కారిపోతుంటే అది వేరే జాతి తలనొప్పి కావచ్చు. అంతకుముందు సర్పి వచ్చిన చోట ఎడతెగని మంట ఉంటే అది సర్పి అనంతర నొప్పి. ఇవేవీ ఈమెకు లేవు.

కొడుకు తెచ్చిన పాత చీటీలలో ఒకచోట ఆ నొప్పికి 'ఫేషియల్ నర్వ్ పెయిన్' అని రాసి ఉంది. మాట వాడుకలో ఉన్నదే అయినా, ఒక గందరగోళానికి తావిస్తుంది. ఫేషియల్ నరం అనేది ఏడవ కపాలనాడి. నవ్వడం, రెప్ప మూయడం వంటి ముఖకవళికలను అది నడిపిస్తుంది, అది దెబ్బతింటే మూతి వంకరపోతుంది. ముఖం మీది స్పర్శనూ నొప్పినీ మెదడుకు చేరవేసేది ఐదవ కపాలనాడి. నుదురు-కన్ను, చెంప-పై దవడ, కింది దవడ అని మూడు శాఖలుగా చీలుతుంది కాబట్టి దానికి త్రిధార నాడి (ట్రైజెమినల్) అని పేరు. ఈమె నొప్పి ఆ నాడి రెండవ, మూడవ శాఖలది. కుటుంబానికి ఈ తేడా చెప్పడం అవసరమైంది. ఎందుకంటే మూతి వంకరపోయినవారికి చేసే పసరు కట్టును ఊళ్లో ఈమెకూ చేశారు, చెంప మీద చర్మం కమిలిపోయింది.

నరంలో జరిగేది

ఈ నొప్పిని ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆంద్రే 1756లో వర్ణించాడు. లండన్‌లో జాన్ ఫోథర్‌గిల్ 1773లో మరింత స్పష్టంగా వివరించాడు. నొప్పి కారణం మాత్రం ఇరవయ్యవ శతాబ్దంలో గాని తెలియలేదు. త్రిధార నాడి మెదడు కాండంలోకి ప్రవేశించే చోట, చాలామంది రోగుల్లో చిన్నమెదడుకు రక్తం తీసుకెళ్లే సుపీరియర్ సెరిబెల్లార్ ధమని మెలికపడి దాన్ని ఆనుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఆ ధమని నరాన్ని మోదుతుంటే, ఏళ్లు గడిచేకొద్దీ నరపు తంతువుల చుట్టూ ఉన్న మయలిన్ పొర అరిగిపోతుంది. కరెంటు తీగల మీది రబ్బరు తొడుగు అరిగి పక్కపక్క తీగలు ఒకదానికొకటి తగిలితే ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. స్పర్శను మోసే తంతువులోని సంకేతం నొప్పిని మోసే తంతువులోకి దూకుతుంది. గాలి తగలడం పోటుగా మారడానికి కారణం ఇదే. రైతు కుటుంబం కాబట్టి, బోరు మోటారు తీగ అరిగితే ఏమవుతుందో కొడుకుకు బాగా తెలుసు. ఈ పోలిక చెప్పగానే, పన్ను పీకితే ఎందుకు తగ్గలేదో తల్లికి అతనే విడమరిచి చెప్పాడు.

మందు

డైక్లోఫెనాక్ వంటి మామూలు నొప్పి గోలీలు ఈ వ్యాధికి పనిచేయవు. ఆమె రోజుకు రెండు చొప్పున నెలల తరబడి వాటిని మింగి కడుపుమంట తెచ్చుకుంది. 1962 నుంచి ఈ నొప్పికి వాడుతున్న కార్బమజెపిన్ మొదటి మందుగా ఇప్పటికీ నిలిచి ఉంది. మూర్ఛకు కూడా వాడే ఈ మందు నరంలోని సోడియం మార్గాలను అదుపు చేసి, అదేపనిగా మోగే సంకేతాలను అణచివేస్తుంది.

మొదలుపెట్టే ముందు పట్టణంలోని ఒక ఫిజీషియన్‌ను సంప్రదించి, రక్తకణాల లెక్క, కాలేయ పరీక్షలు, రక్తంలో సోడియం స్థాయి, ఈసీజీ చేయించాం. సోడియం 138 ఉంది. హెచ్‌ఎల్‌ఏ-బి 1502 అనే జన్యురకం ఉన్న ఆసియా వాసుల్లో ఈ మందు వల్ల ఒళ్లంతా బొబ్బలెక్కి ప్రాణం మీదికి వచ్చే స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ రావచ్చు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007లోనే ఆసియా మూలాల వారికి ఆ పరీక్ష చేయమని సూచించింది. రక్తం హైదరాబాద్ ల్యాబ్‌కు పంపి, ఫలితం వచ్చే వారం రోజులు నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్‌తో నెట్టుకొచ్చాం. ఆ జన్యురకం లేదని తేలింది. అయినా మొదటి నెలల్లో జ్వరం, నోటిపూత, ఒంటి మీద దద్దుర్లలో ఏది కనిపించినా గోలీ ఆపి వెంటనే రమ్మని ఇంట్లో ఆమెకు మందులిచ్చే కోడలికి చెప్పాను.

కార్బమజెపిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లతో మొదలుపెట్టి, కొద్దిరోజులకొకసారి 100 పెంచుతూ 600 వరకు తీసుకెళ్లాం. నొప్పి లెక్క రాసుకోవడం ఆమెకు రాదు. అందుకని ఒక ఖాళీ డబ్బా పెట్టుకుని పోటు వచ్చినప్పుడల్లా అందులో ఒక చింతగింజ వేయమన్నాను. రాత్రి మనుమడు గింజలు లెక్కపెట్టి కాలెండరు మీద రాసేవాడు. మందుకు ముందు రోజు 43 గింజలు. మూడో రోజుకు 19. రెండో వారం చివరికి 4. సున్నా నుంచి పది వరకు నొప్పి ఎంత అని అడిగితే ఆమె ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేది, గింజలు మాత్రం అబద్ధం చెప్పలేదు. అప్పటి నుంచి ఇతర రోగులకు కూడా ఇదే పద్ధతి చెబుతున్నాను.

ఐదో వారంలో గింజలు మళ్లీ 15కు పెరిగాయి. మందు పనిచేయడం మానేసిందని కుటుంబం కంగారుపడింది. కార్బమజెపిన్ తనను విరిచివేసే కాలేయపు ఎంజైములను తానే పెంచుకుంటుంది. మొదటి మూడు నుంచి ఐదు వారాల్లో రక్తంలో దాని స్థాయి, గోలీ అదే అయినా, పడిపోతుంది. ముందుగా తెలిసిన విషయమే కాబట్టి 800కు పెంచాం. గింజలు రెండు మూడుకు దిగాయి.

నేను తిరగేసి చూడని గోలీ

నాలుగో వారంలో చేయించిన సోడియం 134 వచ్చింది. మామూలు 135 నుంచి 145 వరకు ఉంటుంది. ఒక్క అంకె తక్కువే కదా అని నేను దాన్ని వదిలేశాను. పదో వారంలో కొడుకు ఫోన్ చేసి, అమ్మ తూలుతున్నదని, వాంతులైనాయని, పొద్దున చిన్న మనుమడి పేరు గుర్తురాలేదని చెప్పాడు. వెంటనే ఆసుపత్రిలో చేర్పించాం. సోడియం 126 ఉంది.

కార్బమజెపిన్ వల్ల శరీరంలో నీరు నిలిచి సోడియం పలుచబడుతుందని నాకు తెలుసు. తెలియనిదల్లా ఆమె వేసుకునే బీపీ గోలీలో ఏముందన్నది. మొదటిరోజు "బీపీ గోలి ఒకటేస్కుంట" అన్నప్పుడు పేరు అడిగి, టెల్మిసార్టన్ అని రాసుకున్నాను, గోలీల అట్టను తిప్పి చూడలేదు. ఆసుపత్రిలో ఫిజీషియన్ ఆ అట్ట చూస్తే, అందులో టెల్మిసార్టన్‌తో పాటు హైడ్రోక్లోరోథయాజైడ్ కూడా కలిసి ఉంది. అది మూత్రం ద్వారా సోడియాన్ని పోగొట్టే మందు. రెండూ కలిసి ఆమెను ఆ స్థితికి తెచ్చాయి. నాలుగో వారపు 134ను నేను పట్టించుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. పంటి మచ్చ చూసి పన్ను తీసినవారు ఎలా మొదట కనిపించినదాని దగ్గర ఆగిపోయారో, నేనూ అలాగే అట్ట ముందువైపు పేరు దగ్గర ఆగిపోయాను. ఇప్పుడు మా క్లినిక్‌లో, పల్లెలో ఆర్‌ఎంపీ ఇచ్చినవైనా సరే, వేసుకునే గోలీలన్నీ అట్టలతో సహా సంచిలో తెమ్మంటున్నాం, వెనకవైపు చదివి రాసుకుంటున్నాం.

ఫిజీషియన్ థయాజైడ్ లేని బీపీ మందుకు మార్చి, సోడియాన్ని తొందరపడకుండా, రోజుకు కొద్దికొద్దిగా పెరిగేలా సరిచేశారు. త్వరగా పెంచితే మెదడుకే ప్రమాదం. కార్బమజెపిన్‌ను 600కు తగ్గించి, కండరాల బిగువు తగ్గించే బాక్లోఫెన్‌ను చిన్న మోతాదుతో చేర్చాం. కార్బమజెపిన్ జాతికే చెందిన ఆక్స్‌కార్బజెపిన్‌కు మార్చవచ్చు కదా అన్న ప్రశ్న వచ్చింది. అది చాలామందికి తేలికగా పడుతుంది గాని, సోడియం తగ్గించడంలో కార్బమజెపిన్‌ను మించుతుంది కాబట్టి వద్దనుకున్నాం. రెండు వారాలకు సోడియం 135కు చేరింది. తర్వాత తొమ్మిది నెలలు రోజుకు ఒకటి రెండు గింజలతో గడిచాయి. బరువు 48 కిలోలకు వచ్చింది.

ఎంఆర్‌ఐ, ఆపరేషన్

చికిత్స మొదలైన నెలలోనే హైదరాబాద్‌లో ఎంఆర్‌ఐ తీయించాం. నరాన్నీ రక్తనాళాన్నీ విడివిడిగా చూపించే సన్నని పొరల చిత్రాలు కావాలని చీటీలో స్పష్టంగా రాయడం అవసరం, మామూలు మెదడు ఎంఆర్‌ఐలో ధమని నరాన్ని ఆనుకున్న చోటు కనిపించకపోవచ్చు. గడ్డ లేదు, మల్టిపుల్ స్క్లెరోసిస్ గుర్తులు లేవు. కుడి సుపీరియర్ సెరిబెల్లార్ ధమని మెలిక నరపు మొదలును పక్కకు నెట్టి, ఎడమవైపు నరంతో పోలిస్తే దాన్ని సన్నబరిచింది. రక్తనాళం నరానికి ఆనుకుని ఉండటం నొప్పి లేనివారిలోనూ మామూలే. నరం స్థానం తప్పడం, సన్నబడటం కనిపించినప్పుడే దానికి అర్థం ఉంటుంది. ఎంఆర్‌ఐ కారణాన్ని చూపుతుంది, వ్యాధిని నిర్ధారించేది మాత్రం రోగి చెప్పిన మాటే.

మరుసటి చలికాలంలో గింజలు మళ్లీ రోజుకు 20 దాటాయి. మోతాదు పెంచితే తూలు, మగత, సోడియం భయం. అప్పుడు న్యూరోసర్జన్ దగ్గరికి పంపాను. ఆయన మూడు దారులు చెప్పారు. చెంపలోంచి సూది పంపి నాడి ముడిని బెలూన్‌తో నొక్కడమో, వేడితో కొంత కాల్చడమో ఒకటి. ఇది త్వరగా అయిపోతుంది, వయసు మీరినవారికి అనువైనది, బదులుగా చెంపలో తిమ్మిరి మిగులుతుంది, కొన్నేళ్లకు నొప్పి తిరిగి రావచ్చు. గామా కిరణాలతో చేసేది రెండోది. కోత లేదు గాని ఫలితం కనిపించడానికి వారాలు, నెలలు పడుతుంది. చెవి వెనక ఎముకలో చిన్న రంధ్రం చేసి, ధమనిని నరం నుంచి పక్కకు తప్పించి మధ్యలో టెఫ్లాన్ దూది పెట్టే మైక్రోవాస్క్యులర్ డీకంప్రెషన్ మూడోది. పీటర్ జనెట్టా 1960ల నుంచి అమెరికాలో ఈ పద్ధతిని స్థిరపరిచాడు. ఆయన బృందం 1996లో ప్రచురించిన 1185 మంది ఫలితాల్లో పదేళ్ల తర్వాత వందకు 70 మంది మందు లేకుండా నొప్పి లేకుండా ఉన్నారు. నరాన్ని పాడుచేయకుండా కారణాన్ని తొలగించేది ఇదొక్కటే. అయితే ఇది పుర్రె తెరిచే ఆపరేషన్. వినికిడి పోవడం, మెదడు ద్రవం కారడం, చీము పట్టడం, అరుదుగా పక్షవాతం, మరణం సంభవించవచ్చునని ఆయన ఏదీ దాచకుండా చెప్పారు.

ఇక్కడ మళ్లీ ఫ్లోరైడ్ అడ్డొచ్చింది. అది పండ్లతో పాటు ఎముకలనూ పట్టడంతో ఆమె మెడ పూర్తిగా తిరగదు. ఎక్స్‌రేలో మెడ వెన్నుపూసలు చిక్కబడి, వాటిని కట్టి ఉంచే బంధనాలలో సున్నం పేరుకుని ఉంది. ఈ ఆపరేషన్‌కు తల ఒక పక్కకు తిప్పి గంటల తరబడి ఉంచాలి, మత్తు ఇవ్వడానికి గొట్టం వేయాలంటే మెడ వెనక్కి వంగాలి. ఎంఆర్‌ఐ బల్ల మీద వెల్లకిలా పడుకోవడానికే ఆమె తలకింద మెత్తలు పెట్టవలసివచ్చిన సంగతి గుర్తుండి, ఈ విషయాన్ని రెఫరల్ చీటీలో మొదటి వాక్యంగా రాశాను. మత్తు డాక్టరు ముందుగానే చూసి, మెడ వంచకుండా సన్నని కెమెరా గొట్టంతో శ్వాసనాళంలోకి వెళ్లేందుకు సిద్ధపడ్డారు. ఆమెను మొత్తంగా ఒక పక్కకు పడుకోబెట్టి, మెడ తిప్పవలసిన అవసరాన్ని తగ్గించారు. ఈ జిల్లా నుంచి ఏ ఆపరేషన్‌కు రోగిని పంపినా మెడ, వెన్ను ఎంత వంగుతాయో రాసి పంపాలని అక్కడి వైద్యులు నాకు ప్రత్యేకంగా చెప్పారు.

నెలరోజులు ఆలోచించుకున్నాక ఆమే ఒప్పుకుంది. "తల కోసినా మంచిదే, బువ్వ నమిలి తినాలె" అన్నది. ఆపరేషన్ మరుసటి రోజు ముక్కు పక్కన దూదిపోచ తాకించి చూశారు, పోటు రాలేదు. వారం పాటు తలనొప్పి, తల తిరుగుడు ఉన్నాయి. వినికిడి చెక్కుచెదరలేదు. మందులు ఒక్కసారిగా ఆపకుండా, కార్బమజెపిన్‌ను కొన్ని వారాల్లో, బాక్లోఫెన్‌ను ఆ తర్వాత మెల్లగా తగ్గించి ఆపేశాం. బాక్లోఫెన్‌ను ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు రావచ్చు.

ఇప్పటి స్థితి

ఆపరేషన్ జరిగి పదహారు నెలలైంది. ఏడో నెలలో రెండు రోజులపాటు పెదవి మూలలో చిన్నచిన్న జిల్లులు వచ్చి వాటంతటవే పోయాయి. నొప్పి తిరిగి రావచ్చునని ఆమెకు తెలుసు, అప్పుడు మందుకు స్పందించే అవకాశం ఉందనీ తెలుసు. బరువు 52 కిలోలు, సోడియం 139. మానసిక వైద్యుడు ఇచ్చిన మందును ఆయన సలహా మేరకే ఆరు నెలల కిందట ఆపేశారు.

మొదటి రూట్ కెనాల్ చేసిన దంతవైద్యుడికి ఆమె అనుమతితో ఫోన్ చేసి కేసు మొత్తం వివరించాను. ఆయన నొచ్చుకున్నారు, శ్రద్ధగా విన్నారు. గత ఏడాదిలో ఇద్దరు రోగులను పన్ను తీయకుండా నా దగ్గరికి పంపారు. ఒకరిది న్యూరాల్జియానే. మరొకరిది నిజంగానే పగిలిన పన్ను, ఆయన దగ్గరికే తిరిగి పంపాను.

కుడివైపు పోయిన నాలుగు పండ్ల స్థానంలో తీసిపెట్టుకునే కట్టుడు పండ్లు పోయిన నెలలో అమర్చాను. చిగురు మీద ఒత్తిడి పడినప్పుడు పోటు రేగుతుందేమోనని మొదటి రోజు గంట, మరుసటి రోజు రెండు గంటలు చొప్పున పెంచుతూ పెట్టుకోమన్నాను. రేగలేదు. కట్టుడు పండ్లను మిగతా పండ్ల రంగుకు సరిపోయేలా, అదే లేత గోధుమ ఛాయలో చేయించమని ఆమే అడిగింది. అలాగే చేయించాం. యాప పుల్ల మానేసి మెత్తని బ్రష్ వాడుతున్నది. ముక్కుపుల్ల మళ్లీ పెట్టుకుంది. తదుపరి పరీక్ష మూడు నెలల తర్వాత.